తట్టు తగ్గిన తర్వాత వచ్చే జబ్బుకూ ఒక లెక్క పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ఉభయ రాష్ట్రాల ప్రజారోగ్య సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి నరాల విభాగంలో ఈఈజీ తీసే టెక్నీషియన్‌ని. రోగం ఏమిటో తేల్చేది డాక్టర్లు. తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, మెదడు తరంగాలను నమోదు చేసి వారి ముందు పెట్టడం వరకే నా పని. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మా గదిని 'తలకు వైర్లు పెట్టే గది' అంటారు. ఎక్కువమంది మూర్ఛ పరీక్షకు వస్తారు, మందులు వాడి బాగుపడతారు, మళ్ళీ ఎప్పుడైనా కనిపిస్తే ఆగి పలకరిస్తారు. బాగుపడని పిల్లల గురించి మీకు రాస్తున్నాను.

ఆ పిల్లలకు వచ్చిన జబ్బు పేరు సబ్‌అక్యూట్ స్క్లిరోజింగ్ పాన్‌ఎన్‌సెఫలైటిస్. ఆసుపత్రిలో అందరం ఎస్‌ఎస్‌పీఈ అంటాం. పసితనంలో తట్టు సోకి తగ్గిపోయిన బిడ్డ మెదడులో ఆ వైరస్ మిగిలిపోయి, సాధారణంగా ఆరు నుంచి పదేళ్ళ తర్వాత బయటపడుతుంది. నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మీ శాఖ తట్టు కేసును జ్వరం, దద్దుర్లు, రక్తపరీక్ష ఆధారంగా గుర్తించి లెక్క రాసుకుంటుంది. దద్దుర్లు తగ్గాక ఆ లెక్క ముగిసిపోతుంది. ఏళ్ళ తర్వాత అదే వైరస్ అదే బిడ్డను చంపినప్పుడు ఆ చావు తట్టు పద్దులోకి చేరే దారి మా గది నుంచి చూస్తే నాకెక్కడా కనబడదు. ఆ దారి వేయమని అడగడానికే ఈ లేఖ.

ఈ జబ్బు మొదట్లో జబ్బులా ఉండదు. నిరుడు ఎక్కాలు గడగడా అప్పజెప్పిన పిల్లవాడు ఈ ఏడు రెండంకెల కూడిక తప్పుతాడు. దస్తూరి చెడిపోతుంది. నోటుపుస్తకాలు వెంట తెచ్చే తల్లిదండ్రులున్నారు. జూన్‌లో గీతల మధ్య కుదురుగా నిలబడ్డ అక్షరాలు దసరా సెలవులు అయ్యేసరికి గీతలు దాటి కిందికి జారిపోతాయి. బడిలో శ్రద్ధ లేదంటారు, ఇంట్లో మొండితనం పెరిగిందంటారు. కొందరు దెబ్బలు కూడా తింటారు. ఆ తర్వాత ఉలికిపాట్లు మొదలవుతాయి. చేతిలో గ్లాసు జారిపోతుంది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేలోపే చెయ్యి ఎగురుతుంది. నడుస్తూ నడుస్తూ తల ఒక్కసారి ముందుకు వాలి, మోకాళ్ళ మీద కూలబడతాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు ఉంటారు. మామూలు మూర్ఛ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగించేవాళ్ళు ఉంటారు. కొందరిలో ముందుగా చూపు మందగిస్తుంది. వాళ్ళు కంటి ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి మా దగ్గరికి చేరతారు.

ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ. బయటపడ్డాక మాట, నడక, మింగడం ఒకటొకటిగా పోతాయి. చాలామంది ఒకటి నుంచి మూడేళ్ళలో చనిపోతారు. కొందరిలో అంతా కొన్ని నెలల్లోనే అయిపోతుంది. నూటికి ఐదుగురిలో మాత్రం జబ్బు దానంతట అది నెమ్మదించవచ్చని వైద్య గ్రంథాలు చెబుతాయి. తల్లిదండ్రులు ఆ ఐదుగురినే పట్టుకుని బతుకుతారు.

మా తెర మీద ఒక పేజీ అంటే పది సెకన్లు. ఈ పిల్లల రికార్డింగులో కొన్ని సెకన్లకొకసారి ఎడమ వైపూ కుడి వైపూ ఒకేసారి పెద్ద అల లేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో బెడ్ మీద ఉన్న బిడ్డ భుజం ఎగురుతుంది, లేదా తల వంగుతుంది. తర్వాత కాసేపు మామూలుగా ఉంటుంది. మళ్ళీ అదే అల, అదే ఆకారం, అదే ఉలికిపాటు. పేజీని కుదించి ముప్పై సెకన్లు ఒకే తెరపై పడేలా పెడితే ఆ అలలు దాదాపు సమాన దూరంలో వరుసగా నిలబడతాయి. వాటిని రాడర్‌మెకర్ కాంప్లెక్సులు అంటారు. ఇన్నేళ్ళు ఈ పని చేశాక అవి మొదటి నిమిషంలోనే తెలిసిపోతాయి. పక్కన కూర్చున్న తల్లి "మూర్ఛే కదా సార్, మందులు వాడితే తగ్గుతుంది కదా?" అని అడుగుతుంది. జవాబు చెప్పే అధికారం నాకు లేదు. డాక్టర్ గారు చెబుతారమ్మా అంటాను.

డాక్టర్లు వెన్నునీరు తీయించి, అందులో తట్టు వైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూస్తారు. విపరీతంగా ఉంటే ఇక అనుమానం మిగలదు. అప్పుడు వేసే ప్రశ్న ఒకటే: "బాబుకు చిన్నప్పుడు తట్టు వచ్చిందా?" తల్లి ఆలోచనలో పడుతుంది. వెంట వచ్చిన అమ్మమ్మకు గుర్తుంటుంది. "ఏడాది కూడా నిండలేదు. అమ్మవారు పోసింది. వేపాకు పరిచాం, మూడో రోజు చద్ది పెట్టాం, తగ్గిపోయింది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?" అంటుంది.

ఆ సంబంధాన్ని పట్టుకోవడానికి వైద్యశాస్త్రానికే మూడు దశాబ్దాలు పట్టింది. 1933లో అమెరికాలో జేమ్స్ డాసన్ అనే వైద్యుడు ఇలాంటి బిడ్డ మెదడు కణాల్లో వైరస్ జాడలు ఉన్నట్టు అనుమానించాడు. అది తట్టు వైరసేనని తేలింది 1960ల్లో. ఇప్పుడు మరింత వివరంగా తెలుసు. మెదడులో చిక్కుకున్న వైరస్‌లో కొన్ని జన్యువులు మారిపోతాయి. బయటికి రావడానికి కావలసిన ప్రోటీన్ సరిగా తయారు కాదు. దాంతో పూర్తి వైరస్ కణంగా బయటపడకుండానే ఒక నాడీకణం నుంచి పక్క నాడీకణానికి పాకుతుంది. శరీరం యాంటీబాడీలు తయారు చేస్తూనే ఉంటుంది. కణాల లోపల దాక్కున్న వైరస్‌ను అవి అందుకోలేవు.

ఇది చాలా అరుదైన జబ్బు, దీనికోసం ప్రత్యేక ఏర్పాటు ఎందుకని మీ అధికారులు అడగవచ్చు. అరుదు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తట్టు సోకిన లక్షమందిలో ఒకరికి మాత్రమే వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. పద్ధతిగా లెక్క పెట్టిన చోటల్లా ఆ అంచనా తప్పని తేలింది. జర్మనీలో ఐదేళ్ళలోపు తట్టు సోకిన పిల్లల్లో 1,700 నుంచి 3,300 మందికి ఒకరు చొప్పున ఎస్‌ఎస్‌పీఈ వచ్చిందని లెక్క తేలింది. కాలిఫోర్నియాలో 1988-91 మధ్య తట్టు ప్రబలినప్పుడు సోకినవారిని ఏళ్ళ తర్వాత వెతికి చూస్తే, ఐదేళ్ళలోపు సోకినవారిలో 1,367 మందికి ఒకరు, ఏడాదిలోపు సోకినవారిలో 609 మందికి ఒకరు ఈ జబ్బు పాలయ్యారు. ఏడాది నిండని బిడ్డకు 609లో ఒకటి! దీన్ని అరుదు అని పక్కన పెట్టడానికి నాకు మనసు రాదు.

మన అంకె ఎంత? అది తెలియాలంటే మనమూ లెక్క పెట్టాలి. అమెరికాలో ఎస్‌ఎస్‌పీఈ పిల్లల జాతీయ జాబితా 1969లోనే మొదలైంది. తట్టు టీకా వచ్చాక అక్కడ ఈ జబ్బు ఎంత వేగంగా తగ్గిపోయిందో ఆ జాబితా వల్లే రుజువైంది. వాళ్ళకు అప్పుడున్న కంప్యూటర్ల కంటే ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం చేతిలో ఉన్న ఫోను శక్తిమంతమైనది.

ఇలాంటి పని మనకు కొత్త కూడా కాదు. పోలియో కోసం ఏం చేశామో మీకు తెలుసు. పదిహేనేళ్ళలోపు బిడ్డకు ఒక కాలో చెయ్యో ఉన్నట్టుండి చచ్చుబడితే చాలు, అది పోలియో కాకపోయినా, కబురు పైకి వెళ్ళాలి. రెండు మల నమూనాలు తీయాలి, అరవై రోజుల తర్వాత బిడ్డను మళ్ళీ చూడాలి. మారుమూల ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా ఫోను చేసి చెప్పేవాడు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు లేదు. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. కాలు చచ్చుబడ్డ ప్రతి బిడ్డనూ వెతికి పట్టుకున్న శాఖ, మెదడు చచ్చుబడుతున్న బిడ్డను వెతకలేదా? పైగా ఈ పిల్లలను ఊరూరా తిరిగి వెతకక్కర్లేదు. జబ్బు ముదిరేసరికి దాదాపు అందరూ ఏదో ఒక బోధనాసుపత్రికో పెద్ద ప్రైవేటు ఆసుపత్రికో వస్తారు. ఈఈజీ, వెన్నునీటి పరీక్ష అక్కడే జరుగుతాయి. ఆ రెండు చోట్ల ఒక్క కాగితం పెడితే చాలు.

తొందర ఎందుకో చెబుతాను. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు నాలుగు కోట్ల మంది పిల్లలకు తట్టు టీకా డోసు తప్పిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కోవిడ్ కాలంలో మన దగ్గరా టీకా రోజులు వాయిదా పడ్డాయి, బస్సులు లేవు, తల్లులు ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడ్డారు. 2022 చివర్లో ముంబైలోని గోవండీలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. మాలేగావ్, భివండీలకూ పాకింది. భివండీ మరమగ్గాల మీద బతికే తెలుగు నేత కుటుంబాలు ఎన్నో మీకు తెలియనిది కాదు. ముంబైకి వలస వెళ్ళి పండక్కి ఊరొచ్చే పాలమూరు కూలీలూ మీకు తెలుసు. ఆ ఏడు ఎక్కడో ఒకచోట తట్టు సోకిన పసిబిడ్డ ఇప్పుడు ఆరోగ్యంగా బడికి వెళ్తూ ఉంటాడు. ఎస్‌ఎస్‌పీఈ వచ్చే మాటైతే ఎక్కువగా 2028 నుంచి 2032 మధ్య బయటపడే వయసు వాడిది. వాడి కోసం ఇప్పుడు మనం చేయగలిగిందల్లా సిద్ధంగా ఉండడమే. ఇంకా తట్టు సోకని బిడ్డ విషయంలో మాత్రం చేయగలిగింది చాలా ఉంది.

అక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని మీరే విప్పాలి. మన జాతీయ పట్టిక ప్రకారం తట్టు-రుబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండగానే, రెండో డోసు పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. తప్పిపోతే ఐదేళ్ళ వయసు వరకు వేయవచ్చు. 2020, 2021ల్లో పుట్టి డోసు తప్పిన పిల్లలు ఆ ఐదేళ్ళ గీత దాటిపోతున్నారు. ఇప్పుడు తల్లి గుర్తు తెచ్చుకుని పీహెచ్‌సీకి తీసుకొచ్చినా వయసు దాటిందని వెనక్కి పంపే వీలుంది. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలుపెట్టారు. తరగతి గదుల్లో వరుసగా నిలబెట్టి వేశారు. అప్పుడు పద్నాలుగేళ్ళవాడికి ఇవ్వగలిగిన టీకాను ఇప్పుడు ఆరేళ్ళవాడికి ఇవ్వడానికి అడ్డేమిటి? ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల తల్లీబిడ్డల రక్షణ కార్డులు తనిఖీ చేయించండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు ఎలాగూ వెళ్తున్నాయి. కార్డు పోయిందన్న బిడ్డకు, డోసు సంగతి తేలని బిడ్డకు టీకా వేయించండి. ఇంతకుముందే వేసి ఉన్నా మరో డోసు వల్ల హాని లేదు. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చి ఆరునెలలు గుడిసెల్లో ఉండే కుటుంబాల పిల్లలను మాత్రం బడిలో వెతికితే దొరకరు. వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

తట్టును వెళ్ళగొడతామని కేంద్రం 2026ను గడువుగా పెట్టుకుంది. రెండు డోసులూ నూటికి తొంభై ఐదుగురికి అందితేనే ఈ వైరస్ ఆగుతుంది. జిల్లా సగటు తొంభై ఐదు ఉన్నా, ఒక బస్తీలో అరవై ఉంటే ఆ బస్తీలో తట్టు ఆగదు. సగటు చూసి సంతోషించవద్దని మనవి.

తొమ్మిది నెలలు నిండని బిడ్డ విషయం వేరు. ఆ బిడ్డకు మామూలుగా టీకా వేసే వయసు ఇంకా రాలేదు. ఎస్‌ఎస్‌పీఈ ముప్పు అందరికంటే ఎక్కువగా ఉన్నదీ ఆ వయసుకే. వాళ్ళకున్న ప్రధాన రక్షణ చుట్టూ ఉన్నవాళ్ళు టీకా వేయించుకోవడమే. జర్మనీలో బాడ్ జాల్ట్‌సుఫ్లెన్ అనే ఊళ్ళో 1999లో టీకా వేయించుకోని పదకొండేళ్ళ బాలుడు తట్టుతో పిల్లల డాక్టరు దగ్గరికి వచ్చాడు. అదే సమయంలో అక్కడ ఉన్న మరో ఆరుగురు పిల్లలకు అంటింది. వాళ్ళలో పసివాళ్ళున్నారు. అందరికీ తట్టు తగ్గిపోయింది. ఏళ్ళ తర్వాత వాళ్ళలో ఇద్దరికి ఎస్‌ఎస్‌పీఈ వచ్చింది. ఒకరు 2011లో, మరొకరు 2013లో చనిపోయారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమే ఆ తల్లులు చేసిన పని. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ కౌంటీలో కూడా టీకా వయసు రాకముందే తట్టు సోకిన బిడ్డ బడి వయసులో ఇదే జబ్బుతో చనిపోయినట్టు 2025 సెప్టెంబరులో అక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది.

ఇప్పుడు మన ఓపీ వరండాలను గుర్తు చేసుకోండి. బుధవారం, శనివారం టీకాల కోసం చంకన పసిబిడ్డలతో వచ్చిన తల్లులూ, ఒంటినిండా దద్దుర్లతో జ్వరంగా ఉన్న బిడ్డను తెచ్చిన తల్లీ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తట్టు వచ్చిన బిడ్డ దద్దుర్లు కనబడడానికి నాలుగు రోజుల ముందు నుంచి, కనబడ్డాక నాలుగు రోజుల వరకు వైరస్‌ను వెదజల్లుతుంది. ఆ బిడ్డ గది వదిలి వెళ్ళాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉండగలదు. జ్వరం, దద్దుర్లు ఉన్న బిడ్డ ఓపీ చీటీ కౌంటరు దగ్గరే కనబడగానే వేరే గదిలోకి పంపాలని ఒక ఆదేశం ఇవ్వండి. గది లేని చోట చెట్టు కింద బల్ల వేసినా మేలే. దీనికి బడ్జెటు అక్కర్లేదు.

అమ్మవారు పోసిందనే నమ్మకం గురించి కూడా ఒక మాట. మన శాఖలో చాలామంది దీన్ని మూఢనమ్మకం అని కసురుకుంటారు. కసిరితే తల్లి దాచిపెడుతుంది. నిజానికి వేపమండలు గుమ్మానికి కట్టి, బిడ్డను బయటికి తీయకుండా, చుట్టాలను రానివ్వకుండా ఉంచడం వ్యాధి వ్యాపించకుండా చేసే పనే. మన పెద్దవాళ్ళు అనుభవంతో నేర్చుకున్న జాగ్రత్త అది. చేటు ఎక్కడ జరుగుతుందంటే, డాక్టరుకు చూపిస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఆగిపోయినప్పుడు. బిడ్డకు రెండు రోజులు వరసగా ఇవ్వాల్సిన విటమిన్ ఎ అందదు. న్యుమోనియా వచ్చినా ఆలస్యంగా తెలుస్తుంది. కేసు నమోదు కాదు. పదేళ్ళ తర్వాత ఆ అమ్మమ్మ జ్ఞాపకం తప్ప మాకు మరో ఆధారం ఉండదు. ఆశా కార్యకర్త వేప మండ కట్టిన గుమ్మం చూసి లోపలికి వెళ్ళి, నైవేద్యం గురించి ఏమీ అనకుండా, విటమిన్ ఎ ఇచ్చి, నమూనా తీయించి, టీకాలు నమోదు చేసే యూ-విన్ పోర్టల్‌లో ఉన్న బిడ్డ వివరాలకు పక్కనే ఈ తట్టు సంగతి కూడా రాసేలా చేయండి. ఆ ఒక్క వాక్యం పదేళ్ళ తర్వాత డాక్టరుకు ఎంత సమయం మిగులుస్తుందో చెప్పలేను.

ఇక ఇప్పటికే ఈ జబ్బు బారిన పడ్డ పిల్లలు. లేఖ రాయడానికి నన్ను కూర్చోబెట్టింది వీళ్ళే.

రోగనిర్ధారణ అయ్యాక కొన్నాళ్ళు వార్డులో ఉంచుతారు. ఉలికిపాట్లు తగ్గించే మందులు రాస్తారు. ఇసోప్రినోసిన్, ఇంటర్‌ఫెరాన్ లాంటివి కొందరిలో జబ్బు వేగాన్ని తగ్గించవచ్చని వాడి చూస్తారు. తర్వాత ఇంటికి పంపుతారు. అది తప్పు కాదు, మంచం మీద ఉండాల్సిన బిడ్డ సొంత ఇంట్లో ఉండడమే మంచిది. కానీ ఆ తల్లి చేతిలో ఏముంటుంది? ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం. ముక్కులోంచి వేసిన పైపు. దాని గుండా జావ ఎంత పోయాలో, ఎంత వేగంగా పోయాలో, బిడ్డ తలగడ ఎంత ఎత్తు ఉండాలో ఒకసారి నర్సు చూపించి ఉంటుంది. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే నడుము దగ్గర పుండు పడుతుంది. గొంతులో కఫం గురగురలాడితే తీసే సక్షన్ యంత్రం ఇంట్లో ఉండదు. పైపు ఊడిపోతే మళ్ళీ వేయించడానికి ఆటో మాట్లాడుకుని జిల్లా కేంద్రానికి వెళ్ళాలి. ఊళ్ళోవాళ్ళు అంటుకుంటుందేమోనని పిల్లలను ఆ ఇంటివైపు పోనివ్వరు. ఎస్‌ఎస్‌పీఈ ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ ఒక్క మాట సర్పంచి సమక్షంలో ఏఎన్‌ఎం గట్టిగా చెబితే ఆ తల్లికి మాట్లాడే మనిషైనా దొరుకుతుంది.

తెలంగాణలో జిల్లాల్లో, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టారు. ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవారిని చూసే బృందాలు వాటికి ఉన్నాయి. మంచి పని. వాటిలో ఎక్కువగా కనబడేది కేన్సర్‌తో ఉన్న పెద్దవాళ్ళు. ఎస్‌ఎస్‌పీఈ అని తేలిన బిడ్డ ఆసుపత్రి నుంచి కదలకముందే ఆ జిల్లా బృందానికి కబురు వెళ్ళేలా చేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రతి జిల్లాలో ఇలాంటి బృందం ఈ పిల్లల ఇళ్ళకు చేరాలి. ఉలికిపాట్లు తగ్గించే క్లోబజామ్, వాల్ప్రోయేట్, కార్బమజెపీన్ ఖరీదైన మందులు కావు. అవి ఏరియా ఆసుపత్రిలో నెలనెలా ఇస్తే నూరు కిలోమీటర్ల బస్సు ప్రయాణం తప్పుతుంది.

పింఛన్ల గురించి విడిగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు నెలకు ₹6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ₹15,000 ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను ₹4,016. వీటికి దారి వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరం. స్లాటు దొరకాలి, బిడ్డను తీసుకుని వెళ్ళాలి, శాతం నిర్ణయించాలి. ఈ జబ్బు సదరం స్లాటు కోసం ఆగదు. పేరు రాయించుకున్న రోజు నడుస్తున్న బిడ్డ పిలుపు వచ్చేసరికి కూర్చోలేడు. నడుస్తున్నప్పుడే పరీక్షించి తక్కువ శాతం రాస్తే, మంచాన పడ్డాక మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. తండ్రి కూలి మానుకుని, తల్లి బిడ్డను వదిలి కదలలేక, ఎవరు తిరుగుతారు? బోధనాసుపత్రి న్యూరాలజిస్టు సంతకం చేసిన ఎస్‌ఎస్‌పీఈ నిర్ధారణ పత్రం ఉంటే, శాతంతో పనిలేకుండా, ఆ నెల నుంచే ఎక్కువ మొత్తం పింఛను ఇవ్వాలని ఉత్తర్వులో పేరు పెట్టి రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో మంచానికి పరిమితమైనవారి జాబితాలో పక్షవాతం, తీవ్ర కండరాల క్షీణత, ప్రమాద బాధితులు అని ఉంది. ఎస్‌ఎస్‌పీఈ అన్న పేరు లేదు. పేరు లేకపోతే కింది ఉద్యోగి వెనక్కి పంపుతాడు, అతన్ని తప్పుపట్టలేం. ఈ పిల్లల సంఖ్య చూస్తే ఖజానాకు అది భారమే కాదు.

టీకా వల్లే ఈ జబ్బు వచ్చిందేమోనని అడిగే తండ్రులూ ఉన్నారు. వాళ్ళ బాధలో ఆ అనుమానం రావడం సహజం. జవాబు స్పష్టంగా ఉంది: ఎస్‌ఎస్‌పీఈతో చనిపోయినవారి మెదడులో వైరస్‌ను పరీక్షించినప్పుడల్లా బయట తిరిగే తట్టు వైరసే కనబడింది, టీకాలోని వైరస్ కాదు. టీకా వేయించుకున్న బిడ్డకు ఈ జబ్బు వచ్చిందంటే, టీకా వేయకముందే, చాలాసార్లు ఎవరూ గమనించకుండానే తట్టు సోకి ఉంటుంది. ఇది పోస్టర్ల మీద రాయండి. అంగన్‌వాడీ గోడల మీద రాయండి. తట్టు అంటే నాలుగు రోజుల దద్దుర్లు అనుకునే తల్లికి, అది పదేళ్ళ తర్వాత కూడా చంపగలదని తెలిస్తే డోసు వాయిదా వేయదు. ఇప్పుడున్న ప్రచార పత్రాల్లో న్యుమోనియా, విరేచనాలు, గుడ్డితనం అని రాస్తున్నారు. వాటి పక్కన ఎస్‌ఎస్‌పీఈ గురించి రెండు వాక్యాలు చేర్చండి.

నేను కోరే నమోదు పత్రం ఒక పేజీ దాటదు. బిడ్డ వయసు, జిల్లా, తట్టు సోకిన వయసు తెలిస్తే అది, ఎక్కడ సోకిందన్న వివరం, టీకా డోసుల తేదీలు, ఈఈజీ, వెన్నునీటి పరీక్ష ఫలితాలు, జబ్బు ఏ దశలో బయటపడింది, ఇంటికి పంపాక ఏ బృందానికి అప్పగించారు. బిడ్డ పేరు బయటికి రాకుండా ఒక సంఖ్య చాలు. ఆరు నెలలకొకసారి ఆ బిడ్డ ఎలా ఉన్నాడో ఒక వరుస చేర్చాలి. ఈఈజీ గదుల్లో పనిచేసే మాలాంటివాళ్ళకు ఈ పత్రం నింపడం అదనపు భారమని మీరు అనుకోనక్కర్లేదు. రికార్డింగు అయ్యాక ఎలాగూ రిజిస్టరులో రాస్తాం. ఆ రిజిస్టరు మా అల్మారాలో ఆగిపోకుండా మీ కార్యాలయానికి చేరాలన్నదే నా విన్నపం. పాత రిజిస్టర్లు కూడా ఉన్నాయి. అనుమతి ఇస్తే వాటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన పిల్లల వివరాలు తీసి, డాక్టర్ల ధ్రువీకరణతో పంపడానికి సిద్ధంగా ఉన్నాను. వాటిలో ఉన్న పిల్లల్లో కొందరు ఇంకా ఇళ్ళల్లో మంచాల మీద ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళండి.

ఈ లేఖను ఉభయ శాఖల కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపుతున్నాను.

భవదీయుడు,
ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఒక ఈఈజీ టెక్నీషియన్